ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ ఇంటర్వ్యూ: పదిహేను నిమిషాల డెమో వెనక తయారీ

పిలుపు ఉత్తరంలో ఉన్నవి మూడే: సర్టిఫికెట్ల పరిశీలన, పదిహేను నిమిషాల డెమో, ఆ తర్వాత ఇంటర్వ్యూ. పోస్టు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌ది. ఇలాంటి చోటికి వచ్చేవాళ్లలో వైరింగ్ రానివాళ్లు, మోటారుకు కనెక్షన్ ఇవ్వలేనివాళ్లు దాదాపుగా ఉండరు. ఆ పనిని పదో తరగతి పాసై వచ్చిన పిల్లవాడి చేతికి, షాక్ కొట్టకుండా, వరుస తప్పకుండా ఎక్కించగలరా అన్నదే ఇంటర్వ్యూ ప్యానెల్ చూస్తుంది. అందుకే నా తయారీలో ముప్పావు వంతు డెమోకే పోయింది. తయారైన తీరు, ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను. ఐటీఐల సిలబస్ ఇచ్చే కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ డీజీటీ. ఆ సిలబస్‌లోనే ఇన్‌స్ట్రక్టర్ అర్హతలు ఉంటాయి. ఎలక్ట్రికల్ డిగ్రీ ఉంటే ఏడాది, మూడేళ్ల డిప్లొమా ఉంటే రెండేళ్లు, ఎన్‌టీసీ (ఐటీఐ సర్టిఫికెట్) లేదా ఎన్‌ఏసీ (అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్) ఉంటే మూడేళ్లు ఆ రంగంలో అనుభవం కావాలి. వీటన్నిటికీ తోడు సీఐటీఎస్ (ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణ కోర్సు) చదివి తెచ్చుకునే ఎన్‌సీఐసీ సర్టిఫికెట్. ఒక యూనిట్‌కు ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లుంటే ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా వారు, రెండోవారు ఎన్‌టీసీ లేదా ఎన్‌ఏసీ వారు అయి ఉండాలి. అంటే ఖాళీ ఒకటే అయినప్పుడు అది ఏ కోవ పోస్టో ముందే కనుక్కోవాలి. లేదంటే ప్రయాణ ఖర్చులు దండగ.

కాగితాల్లో ఎక్కువగా తేడా వచ్చేది అనుభవ ధ్రువపత్రం దగ్గర. లెటర్‌హెడ్ ఉంటుంది, స్టాంపు ఉంటుంది, కానీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారో ఉండదు. లేదా హోదా దగ్గర 'హెల్పర్' అని ఉంటుంది. చేసిన పని ఏమిటో ఒక్క వాక్యం కూడా ఉండదు. 'ప్యానెల్ వైరింగ్, మోటార్ల మెయింటెనెన్స్' లాంటి మాట తప్పక రాయించుకోవాలి. పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు, రెండు మూడు జీతం స్లిప్పులు జతచేస్తే ఇంక ప్రశ్న రాదు. రెండో చిక్కు మన పేర్లతో. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఎన్‌టీసీలో ఒక్క అక్షరం, ఆధార్‌లో పేరు చివర ఇంటిపేరు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, తేడా ఉంటే నోటరీ అఫిడవిట్ పట్టుకెళ్లడం మంచిది.

ఇక డెమో. అంశం మనల్నే ఎంచుకోమన్నప్పుడు చాలామంది పెద్దది పట్టుకుంటారు: త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటార్, ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధాంతం, సోలార్. అవి ఉపన్యాసాలకు పనికొస్తాయి. ఇన్‌స్ట్రక్టర్ డెమో అంటే చేత్తో చేసే ఒక పని. పదిహేను నిమిషాల్లో మొదలై, పూర్తయి, ఎదుటివాడు తిరిగి చేసి చూపించగలిగేంత చిన్నది కావాలి. నేను తీసుకున్నది డీఓఎల్ స్టార్టర్ (మోటారును నేరుగా లైనుకు కలిపి మొదలుపెట్టేది), అదీ పూర్తిగా కాదు. పవర్ సర్క్యూట్ జోలికి పోకుండా స్టార్ట్, స్టాప్ బటన్లతో కంట్రోల్ సర్క్యూట్ కలపడం, కరెంటు ఇవ్వకుండానే మల్టీమీటర్‌తో పరీక్షించడం. అంతవరకే. దీనిలో ఒక సౌకర్యం ఉంది. మన ఐటీఐలకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లలో పొలం మోటారు ఉంటుంది, స్టార్టర్ డబ్బా మీద పచ్చ బటను, ఎర్ర బటను వాళ్లు చిన్నప్పటి నుంచి నొక్కుతున్నవే. పాఠం మొదలుపెట్టడానికి వేరే కథ అక్కర్లేదు. 'పచ్చ బటను మీద నుంచి వేలు తీసేశాక కూడా మోటారు ఎందుకు ఆగట్లేదు?' అనే ప్రశ్న చాలు. జవాబు చెప్పకుండా ఆ ప్రశ్నను బోర్డు మూలన రాసి వదిలేయాలి. డెమో చివర్లో దానికి జవాబు పిల్లవాడి నోటి నుంచే రావాలి.

సీఐటీఎస్‌లో నేర్పే పద్ధతికి నాలుగు మెట్లు: సన్నద్ధం చేయడం, చూపించడం, చేయించడం, పరీక్షించడం. ఆ కోర్సు 1200 గంటల్లో 270 గంటల ప్రాక్టికల్, 180 గంటల థియరీ బోధనా పద్ధతులకే ఉన్నాయి. అయినా సర్టిఫికెట్ చేతికొచ్చి నాలుగేళ్లయితే మర్చిపోతాం. నా పదిహేను నిమిషాలను ఇలా కోసుకున్నాను: సన్నద్ధం రెండు నిమిషాలు, చూపించడం ఏడు, చేయించడం నాలుగు, పరీక్ష రెండు. ఫోన్‌లో వీడియో పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తే మొదటిసారి చూపించడానికే పదమూడు నిమిషాలు పట్టింది. కారణం మాటలు. వైరు కొన ఒలవడం గురించి కూడా వివరించుకుంటూ పోయాను. ఒలిచి, లగ్ (కొనకు బిగించే లోహపు తొడుగు) వేసి, నంబర్ ఫెరూల్ (వైరు గుర్తు గొట్టం) తొడిగిన ఏడు వైరు ముక్కలు ముందే సిద్ధం చేసుకుంటే నాలుగు నిమిషాలు మిగిలాయి. ఏ నైపుణ్యం నేర్పుతున్నామో అది మాత్రమే ప్యానెల్ ముందు చేయాలి, మిగతాది ఇంటి దగ్గర చేసుకురావాలి.

ప్లాన్ కాగితాన్ని మూడు నిలువు గడులుగా గీసుకోవాలి. మొదటి గడిలో ఏం చేయాలి, రెండో గడిలో ఎక్కడ జాగ్రత్త, మూడో గడిలో ఎందుకు. మూడో గడి ఖాళీగా ఉన్న ప్లాన్ చూడగానే పాత ఇన్‌స్ట్రక్టర్లకు తెలిసిపోతుంది, ఇది ఎవరి దగ్గరో దిగినదని. ఉదాహరణకు మొదటి అంచె: ఎమ్‌సీబీ దించి, టెస్టర్‌తో కాకుండా మల్టీమీటర్‌తో మూడు ఫేజుల మధ్యా వోల్టేజ్ లేదని చూడటం. జాగ్రత్త: అంతకుముందు ఆ మీటరునే కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని నిర్ధారించుకోవడం. ఎందుకు: పాడైన మీటరు కూడా సున్నానే చూపిస్తుంది.

సర్క్యూట్ వరుస తెలిసిందే (ఈ అంకెలు, ఏ1, ఏ2 అన్నవి టెర్మినళ్ల మీది గుర్తులు). ఫేజ్ నుంచి ఓవర్‌లోడ్ రిలే (మోటారు మీద భారం మించితే సర్క్యూట్ తెంచేది) 95, 96 గుండా స్టాప్ బటనుకు, అక్కడి నుంచి స్టార్ట్ బటనుకు, అక్కడి నుంచి కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటు అందగానే లాగి మూసుకునే స్విచ్) కాయిల్ ఏ1కు. ఏ2 రెండో ఫేజుకు గానీ న్యూట్రల్‌కు గానీ, కాయిల్ వోల్టేజ్‌ను బట్టి. స్టార్ట్ బటనుకు సమాంతరంగా కాంటాక్టర్ 13, 14. అదే హోల్డింగ్ కాంటాక్ట్, వేలు తీసినా కాయిల్‌కు కరెంటు నిలిపి ఉంచేది. దీన్ని మొదటిసారి మామూలు వేగంతో, మాట్లాడకుండా కలపాలి. రెండోసారి మెల్లగా, ప్రతి అంచెకూ ఎందుకో చెబుతూ కలపాలి. మూడోసారి పిల్లవాడు చెబుతుంటే మనం కలపాలి. నాలుగోసారి వాడే చెబుతూ వాడే కలపాలి. డెమోలో ఈ నాలుగూ పట్టవు కాబట్టి రెండోదాన్ని, నాలుగోదాన్ని పూర్తిగా చూపించి, మిగతా రెండూ క్లాసులో ఎప్పుడు చేస్తామో నోటితో చెప్పాను. ప్యానెల్ అభ్యంతరం చెప్పలేదు. పిల్లలు ఎవరూ లేరని ప్యానెల్లో ఒకరినే పిల్లవాడిగా కూర్చోబెడతారు. అప్పుడు మొహమాటం లేకుండా ఆయన చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వాలి. 'సార్, ఈ 96 నుంచి వైరు ఎక్కడికి వెళ్లాలో చెబుతూ బిగించండి' అంటే సరిపోతుంది.

నిలబడే చోటు గురించి ఒక మాట. వైరింగ్ బోర్డుకు అవతలి వైపు నిలబడి పిల్లలకు ఎదురుగా పనిచేస్తే వాళ్లకు అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది. కుడి టెర్మినల్ ఎడమైపోతుంది. చేతిపని చూపేటప్పుడు వాళ్లవైపే నిలబడి, వాళ్లను అర్ధచంద్రంగా రెండు పక్కలా చేర్చుకోవాలి. మన భుజం వైరింగ్ బోర్డును కప్పేయకూడదు. ఇరవై మంది యూనిట్‌లో ఇది ఒక్కసారిగా కుదరదు, పది మంది చొప్పున రెండు జట్లు చేయాల్సిందే. ఆ సంగతి మనమే చెప్పేస్తే ప్యానెల్‌కు ఒక ప్రశ్న తగ్గుతుంది.

బ్లాక్‌బోర్డు మీద మొత్తం బొమ్మ ముందే గీసి పెట్టడం తప్పు. కలిపే వరుసలోనే గీస్తూ పోవాలి. హోల్డింగ్ కాంటాక్ట్‌ను మాత్రం చివర్లో వేరే రంగు చాక్‌తో గీయాలి. అక్షరాలు రెండంగుళాలకు తగ్గితే వెనక వరుసకు కనపడవు. గీసేటప్పుడు వీపు చూపకుండా పక్కకు నిలబడి రాయడం ఇంట్లో గోడ మీద ప్రాక్టీస్ చేసినా ఇబ్బంది లేదు, సిగ్గుపడాల్సిన పని కాదు.

ఇప్పుడు అసలు సరుకు, తప్పుల జాబితా. డెమో తర్వాత అడిగిన సాంకేతిక ప్రశ్నలన్నీ ఇందులోంచే వచ్చాయి. 13, 14 కలపడం మర్చిపోతే బటను నొక్కి ఉంచినంతసేపే మోటారు తిరుగుతుంది. 13, 14 బదులు 21, 22 కలిపితే కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటుంది. అది మూసి ఉండే కాంటాక్ట్ కాబట్టి సప్లై రాగానే కాయిల్ లాగుతుంది, లాగగానే ఆ కాంటాక్ట్ తెరుచుకుంటుంది, వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది హోల్డింగ్ వైరును స్టార్ట్ బటను ముందు కాకుండా స్టాప్ బటనుకు కూడా ముందే పెట్టడం. మోటారు చక్కగా మొదలవుతుంది, చక్కగా తిరుగుతుంది. ఎర్ర బటను నొక్కితే ఆగదు. పరీక్షించకుండా 'తిరిగింది కదా' అని మార్కులు వేసే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఈ తప్పు దొరకదు. ఏ2ను కూడా అదే ఫేజుకు కలిపేస్తే కాయిల్ మీద వోల్టేజే ఉండదు, ఎంత నొక్కినా చప్పుడుండదు. 415 వోల్టుల కాయిల్‌కు 230 ఇస్తే సరిగా లాగదు, గుయ్యిమంటుంది. 230 కాయిల్‌కు 415 ఇస్తే కాసేపట్లో కాలిన వాసన. అందుకే కాయిల్ మీద రాసి ఉన్న అంకె చదవడం నా ప్లాన్‌లో ఒక అంచె.

కరెంటు లేకుండా పరీక్షించే పద్ధతి ఇలా. మల్టీమీటర్‌ను ఓంల మీద పెట్టి కంట్రోల్ సప్లై రెండు కొసల మధ్య పట్టుకోవాలి. ఏమీ నొక్కకపోతే తెగిపోయినట్టు చూపాలి. స్టార్ట్ నొక్కితే కాయిల్ నిరోధం, అంటే కాయిల్‌ను బట్టి వందల ఓంలు లేదా ఇంకా ఎక్కువ, కనపడాలి. స్టార్ట్ నొక్కి ఉంచి స్టాప్ కూడా నొక్కితే మళ్లీ తెగిపోవాలి. కాంటాక్టర్ ఆర్మేచర్‌ను (కాయిల్ లాగే కదిలే భాగాన్ని) స్క్రూడ్రైవర్‌తో లోపలికి తోస్తే కాయిల్ నిరోధం కనపడాలి, అదే హోల్డింగ్. తోసి ఉంచి స్టాప్ నొక్కితే తెగాలి. పైన చెప్పిన ప్రమాదకరమైన తప్పు ఇక్కడే దొరికిపోతుంది. ఒక మెలిక ఉంది. మోటారు వైర్లు కలిపి ఉంచి, రెండు ఫేజుల నుంచి కంట్రోల్ తీసుకున్న స్టార్టర్ మీద ఈ పరీక్ష చేస్తే, ఆర్మేచర్ తోయగానే మెయిన్ కాంటాక్ట్‌లు మూసుకుని మోటార్ వైండింగ్ ద్వారా చాలా తక్కువ ఓంలు కనపడతాయి. కాయిల్ షార్ట్ అయిందని పిల్లలు హడలిపోతారు. ముందు మోటారు వైర్లు విప్పాలి. నా మూడు గడుల కాగితంలో ఈ ఒక్క అంచెకే నాలుగు పంక్తులు పట్టాయి.

స్టాప్ బటను మామూలుగా మూసి ఉండేదే ఎందుకు పెడతారని తప్పక అడుగుతారు. ఆ వైరు తెగినా, స్క్రూ వదులైనా మోటారు ఆగిపోవాలి కాబట్టి. తెరిచి ఉండే బటను పెడితే వైరు తెగిన సంగతి ఆపాల్సిన రోజున గానీ తెలియదు. ఓవర్‌లోడ్ రిలే షార్ట్ సర్క్యూట్ నుంచి కాపాడదు, ఆ పని ఫ్యూజు లేదా ఎమ్‌సీబీది. రిలే సెట్టింగ్ నేమ్‌ప్లేట్ మీది ఫుల్ లోడ్ కరెంటుకు. నేమ్‌ప్లేట్ చెరిగిపోతే 415 వోల్టుల త్రీ ఫేజ్ మోటారుకు హెచ్‌పీని ఒకటిన్నరతో గుణిస్తే వర్క్‌షాపు లెక్క దొరుకుతుంది, 5 హెచ్‌పీకి ఏడున్నర ఆంపియర్లు. స్టార్ డెల్టా స్టార్టర్‌లో రిలే డెల్టా లోపల ఉంటే లైన్ కరెంటును 1.732తో భాగించాలి. ఇక్కడ తడబడేవాళ్లు ఎక్కువ.

పొలం మోటార్ల నుంచి ఉదాహరణ ఇస్తే మాట ఎటైనా సాగుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును వాటంతటవే మొదలుపెట్టేవి) తీసేయమని రైతులకు ఎందుకు చెప్పారో ప్యానెల్ అడిగింది. మోటార్లు ఆగకుండా నడిచి భూగర్భ జలాలు అడుగంటుతాయన్నది ప్రధాన కారణం. మన ట్రేడ్ వైపు నుంచి ఇంకోటి ఉంది: కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీది మోటార్లన్నీ ఒకేసారి మొదలైతే, ఒక్కొక్కటీ ఫుల్ లోడ్‌కు ఆరేడు రెట్లు లాగుతుంది. డీఓఎల్‌లో హోల్డింగ్ కాంటాక్ట్ ఉండటం వల్ల వచ్చే లాభమూ ఇదే: సప్లై పోతే వదిలేస్తుంది, మనిషి వచ్చి నొక్కేదాకా మొదలవదు. బోర్డు మూలన రాసిన ప్రశ్నకు ఇది రెండో సగం.

డెమో అంశంతో సంబంధం లేని ట్రేడ్ ప్రశ్నలకు చెన్నైలోని జాతీయ బోధనా మాధ్యమ సంస్థ నిమి ప్రచురించే ట్రేడ్ థియరీ, ట్రేడ్ ప్రాక్టికల్ పుస్తకాలు చాలు. ఎక్కువగా అంకెలు అడుగుతారు. లైటింగ్ సబ్ సర్క్యూట్‌కు పది పాయింట్లు లేదా 800 వాట్లు, పవర్ సబ్ సర్క్యూట్‌కు రెండు పాయింట్లు లేదా 3000 వాట్లు. ఇళ్ల వైరింగ్ ఇన్సులేషన్ పరీక్షకు 500 వోల్టుల మెగ్గర్, ఫలితం ఒక మెగాఓమ్‌కు తగ్గకూడదు. మనిషి రక్షణకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే స్విచ్) 30 మిల్లీ ఆంపియర్లది. ఎర్తింగ్‌కు భారత ప్రమాణం ఐఎస్ 3043. అంకె చెప్పి ఊరుకోకుండా కారణం కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాతి ప్రశ్న అదే.

షాక్ కొట్టిన పిల్లవాడిని ఏం చేస్తారన్నప్పుడు పాత పుస్తకాల్లోని షాఫర్, సిల్వెస్టర్ కృత్రిమ శ్వాస పద్ధతులు అప్పగించేవాళ్లు ఇంకా ఉన్నారు. వరుస ఇది: మెయిన్ ఆపడం, కుదరకపోతే ఎండు కర్రతో వేరుచేయడం, 108కి ఎవరినో ఒకరిని పేరు పెట్టి పిలిచి ఫోన్ చేయమనడం, శ్వాస చూడటం, లేకపోతే సీపీఆర్. ముప్పై నొక్కులకు రెండు శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా. నోటితో చెప్పకుండా దిండు మీద చేసి చూసుకుంటే చేతులకు ఆ వేగం తెలుస్తుంది. రెండు నిమిషాలు ఆగకుండా చేయడం అనుకున్నంత తేలిక కాదు. ప్యానెల్ బల్ల మీద చేసి చూపించమన్నా చేయగలగాలి.

ఐటీఐ వ్యవస్థ గురించి అడిగే ప్రశ్నలను బయట కంపెనీల్లో పనిచేసి వచ్చినవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. సాంకేతికంగా గట్టివాళ్లు కూడా ఇక్కడే నీళ్లు నములుతారు. ఏడాదికి 1200 గంటలు: మొదటి ఏడాది ప్రాక్టికల్ 840, థియరీ 240, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ 120. దీనికి అదనంగా 150 గంటల ఆన్ ద జాబ్ ట్రైనింగ్ లేదా గ్రూప్ ప్రాజెక్టు. పాస్ కావడానికి ట్రేడ్ ప్రాక్టికల్‌లో, ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో (శిక్షణ సాగుతుండగా వేసే మార్కులు) 60 శాతం, మిగతా వాటిలో 33. ఫార్మేటివ్ మార్కులు ఎలా వేస్తారంటే 'పని చూసి' అనడం జవాబు కాదు. భద్రత, పరిశుభ్రత, హాజరు, సూచనలు చదివి పాటించడం, పరికరాలు వాడే తీరు, సామాను పొదుపు, వేగం, పని నాణ్యత, వైవా అని విడదీసి చెప్పాలి. నేను నా కంట్రోల్ సర్క్యూట్ పనికే ఒక మార్కుల పత్రం తయారుచేసుకుని వెళ్లాను. అందులో 'స్టాప్ పరీక్ష చేయకుండా సప్లై అడిగితే భద్రత మార్కు సున్నా' అనే గీత మీద ప్యానెల్ ఐదు నిమిషాలు మాట్లాడింది.

సామాను లెక్కా వస్తుంది. ఇరవై మందికి ఈ పని చేయించడానికి ఇండెంట్ (సామాను కోరే పత్రం) రాయమంటే, ఇద్దరికొక వైరింగ్ ప్యానెల్ చొప్పున పది ప్యానెళ్లు, ప్యానెల్‌కు నాలుగు మీటర్ల ఒక చదరపు మిల్లీమీటర్ వైరు, అంటే 40 మీటర్లు. 90 మీటర్ల వైరు చుట్ట ఒకటి తెస్తే రెండో యూనిట్‌కు కూడా సరిపోతుంది. ఒకే వైరును మూడు నాలుగుసార్లు వాడొచ్చు, కానీ ప్రతిసారీ కొన కత్తిరించి మళ్లీ ఒలవాలి. పోగులు తెగిన కొసలు టెర్మినల్‌లో వేడెక్కుతాయి. లగ్గులు కన్స్యూమబుల్ (వాడితే అయిపోయే సామాను) రిజిస్టర్‌లోకి, కాంటాక్టర్లు నాన్ కన్స్యూమబుల్‌లోకి. ఈ తేడా తెలియకపోతే స్టాక్ వెరిఫికేషన్ నాడు ఇన్‌స్ట్రక్టర్ జేబులోంచే పోతుంది, అందుకే అడుగుతారు.

తరగతి నడిపే ప్రశ్నలకు బట్టీ జవాబులు పనిచేయవు. ఇంగ్లిష్ పుస్తకం చదవలేని తెలుగు మీడియం పిల్లవాడికి ఎలా చెబుతారు? పరికరాల పేర్లు, టెర్మినల్ గుర్తులు ఇంగ్లిష్‌లోనే ఉంచుతాను, వివరణ తెలుగులో చెబుతాను, ప్రతి పాఠం చివర పది మాటలు వాడిచేత స్పెల్లింగుతో రాయిస్తాను. పరీక్షలోనూ కంపెనీలోనూ ఎదురయ్యేవి ఆ మాటలే అని కారణం చెప్పాలి. అర్థమైందా అని అడుగుతారా? అడగను. అర్థం కానివాడు కూడా 'అర్థమైంది సార్' అంటాడు. 'ఈ వైరు తీసేస్తే ఏమవుతుంది?' అని అడుగుతాను. తెలంగాణలో 2024 నుంచి 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చడం గురించి కూడా ఒక ప్రశ్న వచ్చింది. రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులు నడిపేందుకు ఎలక్ట్రీషియన్ ఇన్‌స్ట్రక్టర్‌కు ఏం కావాలంటారని. పీఎల్‌సీ (సర్క్యూట్‌ను ప్రోగ్రామ్‌గా రాసి నడిపే కంట్రోలర్) పేరు చెప్పగానే, దానిలో ఇదే స్టార్ట్ స్టాప్ సర్క్యూట్‌ను ల్యాడర్‌లో (నిచ్చెన ఆకారపు ప్రోగ్రామ్ బొమ్మలో) గీయమన్నారు. స్టాప్ బటను బయట మూసి ఉండే రకమైతే ల్యాడర్‌లో దాన్ని మామూలు తెరిచిన కాంటాక్ట్‌గా వేయాలి. ఈ తిరకాసు తెలియనివాళ్లు మూసిన గుర్తు వేసి, మోటారు ఎందుకు మొదలవట్లేదో తెలియక నిలబడిపోతారు.

వెంట తీసుకెళ్లినవి: చెక్క మీద బిగించిన కాంటాక్టర్, రిలే, రెండు బటన్లు, మల్టీమీటర్, దానికి కొత్త బ్యాటరీ, రెండు స్క్రూడ్రైవర్లు, రంగు చాకులు, ప్లాన్ కాగితం నాలుగు ప్రతులు. అక్కడి వర్క్‌షాపులో అన్నీ ఉంటాయని నమ్మకూడదు, ఉన్నా వాటి టెర్మినళ్లు వేరే చోట ఉంటాయి. డెమో అయ్యాక వైర్లు విప్పి, పనిముట్లు పైకి లెక్కపెట్టి, తుంచిన ముక్కలు కాగితంలో పోగుచేసి, బోర్డు తుడిచి కూర్చోవాలి. మనం ఇది చేస్తుండగానే ప్యానెల్‌లో ఒకరు ఏదో రాసుకుంటారు.